ఆకస్మికముగ వచ్చిన ఆరోగ్యాజ్ఞలు - పొరుగు రాష్ట్రముల తెలుగువారి స్పందనము

2020వ సంవత్సరము ఏప్రిల్ నెలాఖరున వేలూరు జిల్లా యంత్రాంగము తమిళనాడునకును ఆంధ్రప్రదేశమునకును నడుమ నున్న రెండు రహదారులకు అడ్డముగా గోడలు కట్టించినది. ఒకటి గుడియాత్తము నుండి పలమనేరునకు పోవు త్రోవలో సైనగుంట యొద్ద. రెండవది పొన్నై మీదుగా చిత్తూరునకు పోవు త్రోవలో. అది ముళ్లకంచె కాదు, తెరచి మూయదగిన గేటు కాదు. త్రోవ నడుమ కట్టిన గోడ. అనుమతి లేని వాహనములు వచ్చి కరోనాను వ్యాపింపజేయకుండుటకే యిట్లు చేసితిమని అధికారులు చెప్పిరి. ఆ గోడల ఛాయాచిత్రములు చేతిఫోనులలో తిరుగాడినవి. ఎల్లకు ఈవలను ఆవలను జనులు కోపించిరి, పరిహసించిరి, భయపడిరి. విమర్శ పెరుగగా కొలది దినములకే గోడల తొలగింపు జరిగినది.

ఈ ఘటనము చిన్నదే. ఆ సంవత్సరమున జరిగిన దుఃఖములలో దీనికి పెద్ద స్థానము లేదు. అయినను పొరుగు రాష్ట్రములలో తరతరములుగ స్థిరపడిన తెలుగువారి స్థితిని తెలిసికొనుటకు ఇంతకంటె మంచి తార్కాణము దొరకదు. 1911వ సంవత్సరము వరకు చిత్తూరు పట్టణమే ఉత్తర ఆర్కాటు జిల్లాకు ముఖ్యస్థానము. వేలూరును ఆ జిల్లాలోనిదే. 1960 ఏప్రిల్ 1వ తేదీనుండి అమలుజరిగిన సరిహద్దు సర్దుబాటుతో నేటి ఎల్ల కుదిరినది. ఎల్ల మారినను రోగి త్రోవ మారలేదు. ఐడా స్కడ్డరు 1900వ సంవత్సరమున ఒక్క పడకతో ఆరంభించిన వైద్యశాల నేడు క్రైస్తవ వైద్యకళాశాలగా పెరిగి వేలూరునకే పేరు తెచ్చినది. చిత్తూరు జిల్లా పల్లెలలో పెద్ద జబ్బు చేసినదన్న, ముందుగా తలచుకొను ఊరు వేలూరే. కావున ఆ గోడను చూచినవాడు రెండు రాష్ట్రముల తగవును మాత్రమే చూడలేదు. తన తల్లికి మందు దొరకు త్రోవ మూసికొనిపోయిన దానిని చూచినాడు. ఫోనులో కనబడినది కోపము. దాని యడుగున నున్నది భయము.

ఈ భేదము ముఖ్యమైనది. అలంకారశాస్త్రము చదివినవారికి ఇది క్రొత్త విషయము కాదు. భరతముని స్థాయిభావములు ఎనిమిదింటిని చెప్పెను: రతి, హాసము, శోకము, క్రోధము, ఉత్సాహము, భయము, జుగుప్స, విస్మయము. వానిపై అలలవలె లేచి పడు సంచారిభావములు ముప్పది మూడు. 2016 ఫిబ్రవరిలో ఫేసుబుక్కు సంస్థ, అంతవరకు ఇష్టమును తెలుపుటకు మాత్రమే యున్న గుర్తునకు తోడుగా, ఐదు క్రొత్త గుర్తులను చేర్చినది: ప్రేమ, నవ్వు, ఆశ్చర్యము, దుఃఖము, కోపము. తెలుగు పండితుడు ఈ జాబితాను చూచిన వెంటనే రతి, హాస, విస్మయ, శోక, క్రోధములని గుర్తింపగలడు. ఎనిమిదింటిలో ఐదు మాత్రమే వచ్చినవి. ఉత్సాహమునకు గుర్తు లేదు; జుగుప్సకు లేదు; భయమునకును లేదు. 2020లో ఆదరమును తెలుపు గుర్తు నొకదానిని చేర్చిరి గాని, భయమునకు మాత్రము నేటికిని స్థలము దొరకలేదు. మహమ్మారి కాలమున మనుష్యుని హృదయమున మిక్కుటముగ నుండునది భయమే. దానికి గుర్తు లేనిచోట భయపడినవాడు ఏమి చేయును? కోపపు గుర్తును నొక్కును, లేదా దుఃఖపు గుర్తును నొక్కును. చూచువారికి దేశమంతయు కోపముతో నిండినట్లు తోచును.

అంతేకాదు. 2017 నుండి ఆ సంస్థ ఏ రచనను ఎందరికి చూపవలెనో నిర్ణయించు లెక్కలో, ఇష్టపు గుర్తునకు ఒక పాలైన, కోపము మొదలగు గుర్తులకు ఐదు పాళ్ల విలువ నిచ్చినట్లు 2021లో వెలువడిన ఆ సంస్థ యంతరంగిక పత్రములవలన తెలిసినది. తరువాత కోపపు గుర్తు విలువను తగ్గించి, తుదకు సున్న చేసిరి. శాస్త్రజ్ఞుల పరిశోధనములును ఈ మార్గమునే చూపుచున్నవి. నీతిని ఉద్వేగమును కలిపి తెలుపు ఒక్కొక్క పదము చేరినకొలదిని ట్విట్టరులో ఒక సందేశము ఇతరులచేత పంపబడు అవకాశము సుమారు ఐదవవంతు పెరుగునని 2017లో ఒక పరిశోధనము చెప్పినది. అసత్యవార్త సత్యవార్తకంటె అనేక రెట్లు వేగముగ పరుగిడుననియు, దానిని చదివినవారి ప్రత్యుత్తరములలో విస్మయమును జుగుప్సయు హెచ్చుగా నుండుననియు 2018లో సైన్సు పత్రికలో మరియొకటి వెలువడినది. ఈ రెండును ఆంగ్లభాషాసందేశములపై జరిగినవి. తెలుగు సందేశములకు ఆ లెక్కలనే అట్లే అంటగట్టుట సాహసము. కాని జుగుప్సావిస్మయములకు రెక్కలుండునను మాట ఏ ఊరి రచ్చబండ నెరిగిన వానికైనను వింతగా తోపదు.

ఇక ఆజ్ఞల సంగతి. భారత రాజ్యాంగపు ఏడవ షెడ్యూలున ప్రజారోగ్యము, పారిశుద్ధ్యము, ఆసుపత్రులు రాష్ట్రజాబితాలోని 6వ అంశముగా నున్నవి. ఒక రాష్ట్రమునుండి మరియొకదానికి వ్యాపించు అంటువ్యాధుల నిరోధము ఉమ్మడిజాబితాలోని 29వ అంశము. 2020లో కేంద్రప్రభుత్వము 2005 నాటి విపత్తుల నిర్వహణ చట్టమును, రాష్ట్రప్రభుత్వములు 1897 నాటి అంటువ్యాధుల చట్టమును ఆధారముగ గొని యుత్తరువులు జారీచేసినవి. అనగా ఒక పౌరుని కట్టివైచు ఆజ్ఞ అతడు నివసించు రాష్ట్రమునుబట్టి యుండును. అతని మాతృభాషనుబట్టి యుండదు.

చేతిఫోను నడచు తీరు దీనికి విరుద్ధము. అందలి సమూహములు బంధుత్వమునుబట్టి, కులసంఘములనుబట్టి, అన్నిటికంటె మిన్నగ భాషనుబట్టి యేర్పడును. షోలాపురమునకు తెలంగాణమునుండి వచ్చి మగ్గములపై నిలదొక్కుకొన్న పద్మశాలీల సంతతివారికి ఆజ్ఞ మరాఠీలో వచ్చును, వారి మేనమామ సందేశము కరీంనగరమునుండి తెలుగులో వచ్చును. బరంపురము తెలుగువానికి ఆజ్ఞ ఒడియాలో, వార్త శ్రీకాకుళమునుండి తెలుగులో. హోసూరున తమిళము, బళ్లారిలో కన్నడము. ఉత్తరువు ఒక భాషలో, ఉద్వేగము మరియొక భాషలో వచ్చుటచే ఈ కుటుంబములు తమకు వర్తింపని యాజ్ఞను గూర్చి మిక్కిలి కలతపడి, తమకు వర్తించు నాజ్ఞను ఆలస్యముగ తెలిసికొను ప్రమాదమునకు లోనైనవి. ఈ ప్రమాదమును గూర్చి వ్రాసినవారు తక్కువ. రాష్ట్రములవారీగ లెక్కలు తీయువారికి ఈ జనులు కనబడరు. భాషలవారీగ తీయువారికి వీరు ఆంధ్ర, తెలంగాణములలో కలిసిపోవుదురు.

ఒక ఉదాహరణము. 2020 ఏప్రిల్ 19వ తేదీన ఒడిశా ప్రభుత్వము గ్రామ సర్పంచులకు కలెక్టరునకుండు నధికారములను ఒప్పగించినది. బయటినుండి వచ్చినవారు పేరు నమోదు చేసికొని పదునాలుగు దినములు వేరుగ నుండవలెను. గడువు సక్రమముగ ముగించినవారికి రెండువేల రూపాయలు. సూరతునుండి వేలకొలది కూలీలు తిరిగివచ్చుటకు ఎదురుచూచుచున్న గంజాము జిల్లాకు ఇది ప్రాణమువంటి యాజ్ఞ. ఆ దినములలో తెలుగు వార్తలయందు కర్నూలు, గుంటూరు జిల్లాల రోగుల సంఖ్య మారుమ్రోగుచుండెను. గంజాము జిల్లా పల్లెలో తెలుగు మాత్రమే చదువనేర్చిన యొక వృద్ధుడు కర్నూలును గూర్చి నిద్రమానియుండవచ్చును. తన ఊరి సర్పంచునకు కలెక్టరు నధికారము వచ్చినదని అతనికి చెప్పవలసినవారు ఇంటిలో ఒడియా చదువు పిల్లలే. అట్టి గృహములలో ఈ చిన్నవారు దుబాసులైరి. పగటివేళ మూతపడిన బడి పాఠములను ఫోనులో వినుచు, సాయంకాలము అదే ఫోనులో వచ్చిన సర్కారు ప్రకటనను తాతకు తెలుగుచేసి చెప్పిరి. 'కంటైన్మెంటు', 'క్వారంటైను' అను మాటలకు తెలుగేమి యని పిల్లవా డడిగిన, పండితునికిని తడబాటు కలుగును. తాత మాత్రము 'వెలి' యని తెలిసికొన్నచో భయము రెట్టింపగును. కట్టడి, వెలి, ఎడబాటు - ఈ మూటిలో ఏ మాటను వాడినారను దానిపై ఒక యింటి శాంతి యాధారపడియుండిన దినములవి.

ఆకస్మికత్వము ఈ భయమునకు తల్లి. 2020 మార్చి 22వ తేదీ సాయంకాలము ఐదుగంటలకు దేశమంతట జనులు వాకిండ్లలో నిలిచి చప్పట్లు చరచిరి, కంచములు మ్రోగించిరి. అది ఉత్సాహము. రెండు దినములైన పిమ్మట, 24వ తేదీ రాత్రి యెనిమిది గంటలకు ప్రధానమంత్రి ప్రసంగించి, నాడు అర్ధరాత్రినుండి ఇరువది యొక్క దినములు దేశమంతయు ఇల్లు కదలరాదని ప్రకటించిరి. నడుమ మిగిలినది నాలుగు గంటలు. రోగమును ఆపవలెనన్న ముందుగా చెప్పరాదు, చెప్పినచో జనులు పరుగులెత్తి దానిని వెంట గొనిపోవుదురు అను వాదము కలదు. అది కేవలము త్రోసివేయదగినది కాదు. కాని చెప్పకున్నను జనులు పరుగులెత్తిరి. నాలుగు దినములలో ఢిల్లీయందు ఆనందవిహార బస్సుస్టేషను కిక్కిరిసినది. గుజరాతు తీరమున వెరావలు రేవులో చిక్కుకొన్న శ్రీకాకుళము, విజయనగరము మొదలగు జిల్లాల మత్స్యకారులు తమ పడవలనుండియే ఫోనులో మాటలాడి ఆ చిత్రములను పంపిరి. ఆ కంఠములు పల్లెపల్లెను కదలించినవి. ఏప్రిల్ నెలాఖరున నాలుగువేలకు పైబడినవారిని బస్సులలో తీసికొనివచ్చిరి. ఈ సందర్భమున ఫోనులోని శోకము వృథా పోలేదు. ఎవరు ఎక్కడ నున్నారో ప్రభుత్వమునకు తెలిపిన విన్నపము అదియే యైనది. అదే ఏప్రిల్ 7వ తేదీన వాట్సాపు సంస్థ, పలుమార్లు చేతులు మారిన సందేశమును ఒక పర్యాయమునకు ఒక్కరికే పంపునట్లు నియమము చేసినది. వదంతిని ఆపుటకు చేసిన యీ కట్టు మంచిదే. కాని విన్నపమును వదంతినుండి వేరుచేయు తెలివి యంత్రమునకు లేదు.

ఇదంతయు చేతిఫోనుతో పుట్టిన దోషమని కొందరందురు. చరిత్ర దానిని ఒప్పదు. 1896లో బొంబాయి నగరమున ప్లేగు ప్రబలినది. ఆనాటికే ఆ నగరపు కట్టడములలో చెమటోడ్చిన తెలుగు కామాఠీలపేర కామాఠీపుర మను పేట వెలసియుండెను. రోగిని బలవంతముగనైనను ఆసుపత్రికి కొనిపోవచ్చునని ఆ అక్టోబరులో పురపాలకాధికారులు ప్రకటించిరి. కొనిపోవుట చంపుటకే యను వదంతి పుట్టినది. ఆ నెల 29వ తేదీన మిల్లు కార్మికులు ఆర్థరు రోడ్డు ఆసుపత్రిపై పడిరి. 1897 ఫిబ్రవరిలో అంటువ్యాధుల చట్టము వచ్చినది. 2020లో వాడినది ఆ చట్టమే. పూనా నగరమున సైనికులచే ఇండ్లు సోదా చేయించిన ప్లేగు సంఘాధ్యక్షుడు రాండు జూను 22వ తేదీన కాల్పులకు గురియై కొన్నాళ్లకు మరణించెను. 1898 మార్చిలో బొంబాయిలో మరల అల్లరులు చెలరేగినవి. అటుపిమ్మట గాని ప్రభుత్వము బలవంతపు పద్ధతులను సడలింప మొదలిడలేదు. నోటిమాట చాలినది, ఫోను అక్కరలేకపోయినది. ఆనాటికిని ఈనాటికిని భేదమేమనగా, ఆనాటి వదంతి నడచిన మేరకే భయము నడచెడిది. మరాఠీ పేటలో పుట్టిన మాట కామాఠీపురము చేరునప్పటికి ఎవరో యొకరు దానిని తెలుగుచేసి, తన యూహను గూడ జోడింపవలసియుండెను. నేడు మాట భాషలోనే పుట్టి భాషలోనే వేయి మైళ్లు పోవుచున్నది.

భాష యొక్కటే కారణమా యన్న, కాదు. 2021 మే నెల దీనికి సాక్షి. హైదరాబాదు ఆసుపత్రులకు ఆంధ్రప్రదేశమునుండి వచ్చు రోగుల అంబులెన్సులను తెలంగాణ పోలీసులు సరిహద్దున నాపిరి. ఆసుపత్రిలో పడక ముందే కుదిరియుండవలెను, అనుమతిపత్రము చేతనుండవలెను అని నిబంధన. కర్నూలు వైపు పుల్లూరు టోలుగేటు కడ వాహనములు నిలిచిపోయినవి. ఎల్లకు రెండు వైపులను తెలుగే. నిబంధన తెలుగువారికి తెలుగువారు పెట్టినదే. అయినను ఆ రెండు మూడు దినములలో ఫోనులలో పొంగిన కోపము వేలూరు గోడ నాటి కోపమునకు తీసిపోలేదు. పాతపగలు తోడగుటచే ఇంకను హెచ్చినదేమో. మే 14వ తేదీన తెలంగాణ హైకోర్టు ఆ యుత్తరువు అమలును నిలిపినది. కావున భాషాభేదము భయమును పెంచునే గాని పుట్టింపదు. పుట్టించునది ఆకస్మికత్వము, కారణము చెప్పకపోవుట, అడుగుటకు మనిషి లేకపోవుట.

కారణము చెప్పకపోవుటకు టీకా గడువు మంచి దృష్టాంతము. కోవిషీల్డు రెండు మోతాదులకు నడుమ మొదట నాలుగు నుండి ఆరు వారములుండెను. 2021 మార్చి 22వ తేదీన దానిని ఎనిమిది వారముల వరకు పెంచిరి. మే 13వ తేదీన పండ్రెండు నుండి పదునారు వారములు చేసిరి. ఆ సంవత్సరము ఫిబ్రవరిలోనే లాన్సెటు పత్రికలో వచ్చిన వ్యాసమునుబట్టి, ఆరు వారములకు లోపల రెండవ మోతాదు తీసికొన్నవారికి రక్షణము నూటికి సుమారు 55 పాళ్లు, పండ్రెండు వారములు గాని అంతకుమించి గాని ఆగినవారికి సుమారు 81 పాళ్లు. గడువు పెంచుటకు ఇది తగిన యాధారమే. కాని మే నెలలో టీకాలకు తీవ్రమైన కొరతయు నుండెను. జనులు రెండవదానిని కన్నులార చూచిరి, మొదటిదానిని గూర్చి వినలేదు. అందుచే శాస్త్రము పేర కొరతను కప్పిపుచ్చుచున్నారని యెగతాళి బయలుదేరినది. ముందే నమోదైన తేదీలు చెల్లునని అధికారులు మే 16వ తేదీన చెప్పిరి. ఆ మాటను 13వ తేదీననే చెప్పియుండిన, మూడు దినముల కలవరము తప్పెడిది. కొరతయు నిజమే, శాస్త్రమును నిజమే యని రెంటిని కలిపి చెప్పుటకు సాహసించిన యధికారి నింద కొంత పడును గాని, నమ్మకమును నిలుపుకొనును.

ఈ యుద్వేగములను ప్రభుత్వములు ఎట్లు చూడవలెనను ప్రశ్న సుప్రీంకోర్టు ముందునకును వచ్చినది. 2021 ఏప్రిల్ 30వ తేదీన న్యాయమూర్తులు చంద్రచూడు, లావు నాగేశ్వరరావు, రవీంద్రభట్టు గారల ధర్మాసనము, ప్రాణవాయువునకో పడకకో అలమటించుచు సామాజిక మాధ్యమమున మొరపెట్టుకొన్న పౌరుని వేధించినచో దానిని కోర్టు ధిక్కారముగ నెంచుదుమని హెచ్చరించినది. మొరను నేరముగ గాక సమాచారముగ చూడవలెనను దృష్టి అందున్నది. అదే సమయమున, సరిచూడని మొర యొక్కటి నూరు ఇండ్లలో దిగులు నింపగలదనుటయు మరువరాదు. ఇచ్చిన చిరునామాలో పడక లేదని తెలిసినవెనుకను ఆ సందేశము ఊరూర తిరుగుచునే యుండినది.

భాష విషయమున ఆ సంవత్సరము జూను నెలలో జరిగిన దానిని చెప్పవలసియున్నది. మే 1వ తేదీనుండి పదునెనిమిది యేండ్లు నిండినవారికి టీకా యన్నారు గాని, నలుబది యైదేండ్లలోపువారు కోవిన్ అను వెబ్‌సైటున ముందుగా పేరు నమోదు చేసికొనవలెనన్నారు. అది తొలుత ఆంగ్లమున నుండెను. చదువనేర్చి ఫోనున్నవాడు గూడ ఆంగ్లము రానిచో వెనుకబడెను. జూను ఆరంభమున దానిని హిందీతోబాటు కొన్ని ప్రాంతీయభాషలలో తెరచిరి. తెలుగు, కన్నడము, ఒడియా, మరాఠీ అందులో నుండినవి. తమిళము లేదు. తమిళనాట వెంటనే ఆగ్రహము పుట్టినది. కొలది దినములలో తమిళమును చేర్చిరి. ఇచ్చట కోపము కోపమే. దాని యడుగున భయము వెదుకనక్కరలేదు. తన రాష్ట్రమున తన భాషకు కలిగిన లోటును గూర్చి ఒక జనసమూహము నోరెత్తి యడిగి, పొందినది. ఆ కొలది దినములు హోసూరులోను, కృష్ణగిరిలోను తెలుగు చదువగల గృహిణి తన భాషలో పేరు నమోదు చేసికొనుట కవకాశముండి, ఆమె పొరుగింటి తమిళ గృహిణికి లేకపోయెను. అల్పసంఖ్యాకులు ఇట్లు ముందుండుట అరుదు.

అయితే తెలుగు నెంచుకొన్న పిమ్మట ఆ వెబ్‌సైటు టీకాకేంద్రమును చూపుటకు మొదట రాష్ట్రమును, తరువాత జిల్లాను అడిగెడిది. షోలాపురపు చేనేతకారుడు తెలుగున చదువుచు మహారాష్ట్రము నెంచవలెను. బరంపురమువాడు ఒడిశాను, గంజామును. నాలుగు వైపులను ఆంధ్రప్రదేశపు నేలయును నీరును చుట్టియున్న యానాం వాసి, ఎనిమిదివందల కిలోమీటర్లకు పైగా దూరముననున్న పుదుచ్చేరి పేరును ముందు నొక్కి, ఆ తరువాత తన యూరి పేరును వెదకుకొనవలెను.